బీరపువ్వు సాయంత్రం ఐదు దాటాక పూస్తుంది

(పిల్లల్ని ఇంటి దగ్గరే చదివించుకుంటున్నవాళ్లు, అలా చదివించాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్లు ఒక ఆదివారం ఉదయం హైదరాబాద్‌లో కలుసుకున్నప్పుడు ఒక తల్లి చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు చెడకుండా అక్షరాల్లో పెట్టాం.)

అందరికీ నమస్కారమండి. మైకు కొంచెం దించుతారా? ఆఁ, చాలు.

మీకు చూపిద్దామని వస్తూ వస్తూ ఒక బీరపువ్వు తెచ్చాను. ఇదిగో. వడిలిపోయి గుడ్డపీలికలా ఉంది కదూ. నిన్న సాయంత్రం ఐదున్నరప్పుడు చూడాల్సింది దీన్ని, పసుపు రాసినట్టు మెరిసిపోతూ ఉండింది. మీటింగేమో పొద్దున పదకొండింటికి పెట్టారు, నేనేం చెయ్యను. (నవ్వులు) ఈ పువ్వు సంగతి మళ్లీ చెప్తాను.

నన్ను పిలిచినవాళ్లు ఫోన్‌లో "ముందు ఇంటి చదువు గురించి ఓ అరగంట, తర్వాత మిద్దెతోట గురించి ఓ అరగంట చెప్పండి" అన్నారు. సరేనన్నాను. రాత్రి కూర్చుని రాసుకోబోతే అలా రెండు ముక్కలు అవ్వట్లేదు. కలిపే చెప్తాను, మీరే విడదీసుకోండి.

మేం అల్వాల్‌లో ఉంటాం. అద్దె ఇల్లు, పై అంతస్తు. నేను, మావారు, మా అత్తమ్మ, ఇద్దరు పిల్లలు. పెద్దదానికి పదమూడు, చిన్నోడికి తొమ్మిది. మావారిది ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం. నేను ఒక చిన్న కంపెనీలో అకౌంట్స్ చూసేదాన్ని. అత్తమ్మది జనగామ దగ్గర పల్లె. ఇదంతా ముందే ఎందుకు చెప్తున్నానంటే, బడి మానిపించి తోట పెంచుకునే కుటుంబం అనగానే ఈమధ్య అందరికీ వీడియోల్లో చూసిన ఇల్లే గుర్తొస్తుంది. చేవెళ్ల వైపు రెండెకరాలు, మట్టి ఇల్లు, ఆవు, బావి. చూస్తే నాకూ నోరూరుతుంది. మాకున్నదల్లా ఆరు వందల చదరపు అడుగుల మిద్దె. అది కూడా హౌస్ ఓనర్ దయ.

బడి మానిపించింది మేమేదో సిద్ధాంతం చదివి కాదు. 2020లో బళ్లు మూసినప్పుడు పెద్దది మూడో తరగతి. ఆన్‌లైన్ క్లాసు జరుగుతున్నంతసేపూ కెమెరాకి మొహం చూపిస్తూ, ఒళ్లో కాగితం పెట్టుకుని బొమ్మలేసుకునేది. 2021 సెప్టెంబర్‌లో బళ్లు తెరిచాక పంపించాం. నోట్సు వెనకబడిందని రోజూ అన్నాలప్పుడు క్లాసులోనే కూర్చోబెట్టి రాయించేవాళ్లు. డబ్బా మూత తీయకుండానే ఇంటికొచ్చేది. వెళ్లి అడిగితే "మీ పాప స్లో అండి, ట్యూషన్ పెట్టించండి" అన్నారు. ఆ బడి పేరు చెప్పను. ఆ టీచరమ్మకి కూడా క్లాసులో నలభై ఐదు మంది, ఆమె మాత్రం ఏం చేస్తుంది. రెండు నెలలు చూశాం. ఓ రాత్రి మావారూ నేనూ కూర్చుని, ఒక్క ఏడాది ఇంట్లో చూద్దాం అనుకున్నాం. చిన్నోడిని అసలు చేర్పించనే లేదు. ఆ ఒక్క ఏడాదికి ఇప్పుడు నాలుగేళ్లు.

మొదటి ఏడాది నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. హాల్లో గోడకి బ్లాక్‌బోర్డు కొట్టించాను. చార్టు మీద టైంటేబుల్ రంగు రంగుల స్కెచ్చులతో రాశాను. తొమ్మిదింటికి ప్రార్థన. పూజ దగ్గరి గంట తెచ్చి పీరియడ్ పీరియడ్‌కీ కొట్టేదాన్ని. మూడో రోజుకి అత్తమ్మ గంట దాచేసింది. "దేవుడు ఊకూకె లేస్తుండు బిడ్డా" అంది. (నవ్వులు)

బడి నుంచి తీసుకొచ్చి అంతకన్నా ఇరుకు బడిలో వేశాను వాళ్లని. అక్కడైతే నలభై ఐదు మందిలో దాక్కోవచ్చు. ఇక్కడ టీచరు తల్లే, తప్పించుకునే దారే లేదు. మార్చి వచ్చేసరికి పెద్దది నాతో మాట్లాడటం తగ్గించింది. అత్తమ్మ గంట దాచినట్టే మావారు కూడా ఓరోజు ఆ చార్టు చుట్టేసి అటక మీద పెట్టారు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

తోట పెట్టింది పాఠాల కోసం కాదండి. నేను అకౌంట్స్ మనిషిని కదా, ఒక్క జీతం అయ్యేసరికి ప్రతి రూపాయీ పుస్తకంలో రాయడం మొదలుపెట్టాను. 2022 ఏప్రిల్‌లో కూడి చూస్తే నెలకి కూరగాయలూ ఆకుకూరలకే మూడు వేల ఐదు వందలు. అందుకని పెట్టాం. కూర కోసం.

ఓనర్ అంకుల్ దగ్గరికి వెళ్తే, "తోట సరేనమ్మా, స్లాబు కారితే ఎవరు బాధ్యత?" అన్నారు. ఆయన అడిగిన దాంట్లో తప్పేముంది? నాకు కోపమొచ్చింది గానీ, జవాబు లేదు. ఇంటికొచ్చి పిల్లల ముందే అన్నాను, అసలు ఒక కుండీ బరువెంత ఉంటుందో మనకి తెలుసా అని.

ఇరవై లీటర్ల పెయింటు బకెట్టు ఒకటి తెచ్చి, అడుగున కన్నాలు పెట్టి, నిండా ఎర్రమట్టి పోసి, తడిపి, నీళ్లు కారిపోయాక వీధి చివర పాత సామాన్ల కొట్టులో కాటా మీద పెట్టాం. ముప్పై మూడు కిలోలు! చిన్నోడు వెంటనే తనూ ఎక్కి చూసుకున్నాడు, పద్దెనిమిది. "అమ్మా, ఒక్కో బకెట్టూ దగ్గర దగ్గర ఇద్దరు నేను" అన్నాడు. నేను నలభై బకెట్లు పెడదామనుకున్నాను. పెద్దది వేలితో గాల్లో రాసుకుంటూ, "పదమూడు వందల ఇరవై కిలోలమ్మా" అంది.

మావారి స్నేహితుడొకాయన సివిల్ ఇంజనీరు. ఆయనని అడిగితే, భవనాల మీద పడే బరువుల గురించి ఇండియన్ స్టాండర్డ్ 875 అని ఒకటుందట, దాని రెండో భాగంలో మనుషులు ఎక్కి తిరిగే మిద్దెకి చదరపు మీటరుకి సుమారు నూట యాభై కిలోలు లెక్క కడతారని చెప్పారు. ఎక్కే పనిలేని మిద్దెకైతే అందులో సగమే. పిల్లలు సుద్దముక్కతో మిద్దె మీద మీటరుకి మీటరు గడి గీశారు. అందులో బకెట్లు పక్కపక్కన పేరిస్తే తొమ్మిది పట్టాయి. తొమ్మిది ముప్పై మూళ్లు? రెండు వందల తొంభై ఏడు. స్లాబు మోయాల్సిన దానికి రెట్టింపు.

అప్పుడు మట్టి మార్చాం. ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా మాగిన పశువుల ఎరువు రెండు పాళ్లు, కొబ్బరిపొట్టు రెండు పాళ్లు, బకెట్టుకి గుప్పెడు వేపపిండి. తడిపి తూస్తే ఇరవై కిలోల దగ్గరికి వచ్చింది. గడికి నాలుగు బకెట్లకి మించి పెట్టకూడదని పిల్లలే రూలు పెట్టారు. పెద్ద టబ్బులు పిట్టగోడల వెంట, కింద దూలం ఉన్న చోట. అంకుల్‌కి ఆ సుద్ద గీతలూ, కాగితం మీద లెక్కా చూపిస్తే ఒప్పుకున్నారు. మీ ఇల్లు పాతదైతే మాత్రం మా లెక్క నమ్మకండి, ఎవరైనా ఇంజనీరుకి చూపించుకోండి.

అంతకు ముందు నెల వరకూ పెద్దది వైశాల్యం పాఠం తీస్తే ఏడ్చేది. టెక్స్ట్ బుక్‌లో "ఒక రైతు పొలం పొడవు" అని ఉంటుంది చూడండి, ఆ రైతెవరో మనకెందుకు? ఇక్కడ లెక్క తప్పితే మనిల్లే కారుతుంది. తేడా అంతేనండి. నాలుగేళ్లలో నాకు అర్థమైంది ఇదొక్కటే: పిల్లలకి ఇంట్లో నిజమైన పని ఒకటి ఉండాలి. వాళ్లు చేయకపోతే ఆగిపోయే పని. తూతూమంత్రంగా ప్రాజెక్టు కోసమని ఒక కుండీలో శనగలు మొలకెత్తించి ఫొటో తీయడం కాదు నేను చెప్పేది.

సరే, బకెట్లయితే సిద్ధం. రాజేంద్రనగర్ వెళ్లి విత్తనాలు తెచ్చుకున్నాం. ఎప్పుడు వేశామనుకున్నారు? మే ఇరవై ఎనిమిదిన. (ముందు వరసలో ఒక పెద్దావిడ: అయ్యో, రోహిణిలోనా!) అదే అమ్మా, రోహిణి కార్తెలోనే. రోళ్లు పగిలే ఎండలు. అత్తమ్మ ఆ వారం ఊళ్లో ఉంది. తిరిగొచ్చి చూసి, "గీ ఎండల ఇత్తులు పెడ్తరా? మిర్గం రానియ్యాలె గద" అంది. అప్పటికి టమాటా మొలకలన్నీ మిద్దె వేడికి కాగితంలా ఎండిపోయాయి. నేలలో అయితే కింద చల్లదనం ఉంటుంది, మిద్దె మీద బకెట్టుకి అన్ని వైపులా ఎండే. పొద్దున పోసిన నీళ్లు మధ్యాహ్నానికి ఉండవు.

మిర్గమంటే మృగశిర కార్తె. మృగశిర అంటే మన హైదరాబాదీలకి నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేపమందే గుర్తొస్తుంది. జూన్ ఏడో ఎనిమిదో తేదీ. అత్తమ్మకి మాత్రం అది వ్యవసాయ క్యాలెండర్. ఇరవై ఏడు కార్తెలూ వరసగా చెప్తుంది. ఏ కార్తె ఎప్పుడొస్తుందో పెద్దది ఒక కాగితం మీద రాసుకుంటూ, ఒక్కోటీ పదమూడు పద్నాలుగు రోజులెందుకు ఉందని అడిగింది. సూర్యుడు ఒక్కో నక్షత్రం దగ్గర అన్ని రోజులుంటాడు కాబట్టి. మూడు వందల అరవై ఐదుని ఇరవై ఏడుతో భాగించి చూసుకుంది. ఆ నెలలోనే బిర్లా ప్లానెటోరియానికి వెళ్లాం. చీకట్లో అందరూ గ్రహాల కోసం చూస్తుంటే ఇదేమో "మృగశిర ఏది, మృగశిర ఏది" అని గొణుగుతూ కూర్చుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఒక్క మాట. టమాటాతో, క్యాప్సికమ్‌తో మొదలుపెట్టకండి. తోటకూర, మెంతికూర వేయండి. మూడు వారాలు దాటితే కోసుకోవచ్చు, పిల్లలకి అంతకన్నా ఓపిక ఉండదు. పుంటికూర (మీ వైపు గోంగూర అనుకోండి) ఒకసారి వస్తే తుంచుకుంటూ పోవడమే. బచ్చలి తీగ ముక్క గుచ్చితే చాలు. నారు పోయడానికి ట్రేలు కొనక్కర్లేదు, పాలప్యాకెట్లు కడిగి అడుగున రెండు కన్నాలు పెట్టండి. గంగవాయిలి కూర మేం వేయలేదు, ఎరువుతో పాటు అదే వచ్చింది. కలుపు అని నేను పీకి పారేస్తుంటే అత్తమ్మ చెత్తబుట్టలోంచి ఏరి పప్పులో వేసింది.

చిక్కుడు సంగతి కూడా చెప్పాలి. మొదటి ఏడాది జూన్‌లో వేస్తే పందిరంతా అల్లుకుంది, ఆకులే ఆకులు, పువ్వు లేదు. ఏదో లోపమని ఎరువు మీద ఎరువు వేశాను. పొద్దు తగ్గితే గానీ మన నాటు చిక్కుడు పూయదు. సంక్రాంతి ముందు ఒక్కసారిగా విరగకాసింది. దానికి నేను వేసిన ఎరువుకీ ఏ సంబంధమూ లేదు.

ఇప్పుడు బీరపువ్వు. రెండో ఏడు, ఆగస్టు. పందిరి నిండా పసుపు పూలు, రోజూ. కాయ మాత్రం లేదు. చిటికెన వేలంత పిందె కనపడటం, నాలుగు రోజులకి పసుపు తిరిగి రాలిపోవడం. వేపనూనె కొట్టాను. మజ్జిగ పిచికారీ చేశాను. అత్తమ్మ ఓ సాయంత్రం కుర్చీ వేసుకుని పందిరి కింద కూర్చుంది. గంటసేపు కూర్చుని, "తేనెటీగ ఒక్కటి రాలే బిడ్డా ఈడికి. పిందె ఎట్ల నిలుస్తది?" అంది.

ఆవిడ చెప్పిందే నిజం. ఊళ్లో అయితే దడి మీద బీరతీగని ఎవరూ పట్టించుకోరు, దాని పని అది చూసుకుంటుంది. ఇక్కడ మూడో అంతస్తు, చుట్టూ కాంక్రీటు. పైగా ఈ పువ్వు విచ్చుకునేదే సాయంత్రం. పిల్లలిద్దరూ నోటుబుక్కు పట్టుకుని కూర్చున్నారు. నాలుగున్నరకి మొగ్గ బిగుసుకునే ఉంది. ఐదుంపావుకి కొస వదులైంది. ఐదూ నలభైకల్లా ఐదు రేకలూ పరుచుకున్నాయి. చిన్నోడు అప్పుడు గమనించాడు, అన్ని పూలూ ఒకటి కావని. కొన్ని సన్నటి కాడ మీద గుత్తిగా ఉన్నాయి, వాటి వెనక ఏమీ లేదు. కొన్నిటి వెనక మాత్రం బుల్లి బీరకాయ, గీతలతో సహా. "అమ్మా, ఇది పువ్వు కాకముందే కాయ!" అని అరిచాడు. అది ఆడపువ్వు. గుత్తిలో ఉన్నవి మగపూలు.

తర్వాత పని చాలా తేలిక. అప్పుడే విచ్చిన మగపువ్వు ఒకటి తుంచి, రేకలు వెనక్కి మడిచి, మధ్యలో పుప్పొడి ఉన్న భాగాన్ని ఆడపువ్వు నడిమధ్య మెల్లగా రాయాలి. గట్టిగా రుద్దకూడదు. వేలికి పసుపు పొడి అంటుకుంటే సరైన పువ్వు పట్టుకున్నట్టే. ఏడుంపావు దాకా టార్చిలైటు వేసుకుని పదకొండు పూలకి రాశారు. ప్రతి కాడకీ ఊలుదారం కట్టారు, పెద్దది ఎరుపు, చిన్నోడు నీలం. ఎవరి కాయ నిలుస్తుందో పందెం. తొమ్మిది నిలిచాయి. పది రోజులకి మొదటి కాయ కోశాం, నీలం దారందే. ఆ రాత్రి బీరకాయ పప్పు తింటూ వాడు అక్క మొహంలోకి చూసిన చూపు... సరే వదిలేయండి. (నవ్వులు)

అప్పట్నుంచి మా ఇంట్లో టైంటేబుల్ పూలదే. గుమ్మడీ కాకరా తెల్లవారుజామున విచ్చుకుంటాయి, వాటికి పొద్దున్నే లేవాలి. సొర, బీర, పొట్ల సాయంత్రం. పెద్దదానికి పొద్దున లేవడం చావు, అందుకని గుమ్మడి చిన్నోడి వంతు. పొట్లకాయ వంకర పోకుండా కొసకి రాయి కట్టడం నాయనమ్మ వంతు. సొరకాయ కోసినప్పుడు మాత్రం ఒక చిన్న ముక్క నాలిక మీద పెట్టి చూడనిదే వండను. చేదుగా ఉంటే కాయంతా పారేయాల్సిందే. ఆ చేదు విషం, మనుషులు ఆసుపత్రి పాలైనవాళ్లున్నారు. ఇంటి కాయే కదా అని మొహమాటపడకండి.

ఇంకో సంగతి, ఇది మా పరువు తీసిన సంగతి. పక్కింటావిడ ఒకరోజు గేటు దగ్గర నిలబెట్టి, "మీ తోట వచ్చాక మాకు దోమలు పెరిగాయి" అంది. నేను గయ్యిమన్నాను. పైకెళ్లి చూస్తే కుండీల కింద పెట్టిన ప్లేట్లన్నిట్లో నీళ్లు, ఆ నీళ్లలో గిలగిలలాడుతూ పురుగులు. ఆవిడకి సారీ చెప్పాను, ప్లేట్లన్నీ తీసేశాను. చిన్నోడు మాత్రం ఒక ప్లేటు నీళ్లు సీసాలో పోసి, మూతికి పల్చటి గుడ్డ కట్టి కిటికీలో పెట్టుకున్నాడు. తల కిందికి, తోక నీటి పైకి పెట్టి ఏటవాలుగా వేలాడతాయి, తోక దగ్గరి గొట్టంతో గాలి పీలుస్తాయి. వారానికల్లా గుడ్డ కింద దోమలు, కాళ్ల మీద తెల్ల చారలు. డెంగీ దోమ. మలేరియా దోమ పిల్లలైతే నీటి మట్టానికి సమాంతరంగా పడుకుని ఉంటాయట.

ఇక్కడ మన ఊరి కథ ఒకటుంది. దోమ కడుపులో మలేరియా క్రిమిని మొట్టమొదట చూసింది ఇక్కడే, సికింద్రాబాద్‌లో. రోనాల్డ్ రాస్ అనే మిలిటరీ డాక్టరు, 1897 ఆగస్టు 20న. 1902లో నోబెల్ కూడా ఇచ్చారు. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి ఉన్న పేరు ఆయనదే. బేగంపేటలో ఆయన పనిచేసిన భవనం దాకా పిల్లల్ని తీసుకెళ్లాం. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమలతో కుట్టించి, దోమకి ఒక అణా చొప్పున ఇచ్చాడని చదివితే మావాడు ఆగిపోయాడు. "అణా అంటే ఎంతమ్మా?" నాకూ సరిగ్గా రాదు. అత్తమ్మ చెప్పింది, నాలుగు అణాలు పావలా, పదహారు అణాలు రూపాయి. ఆ రోజంతా ఇంట్లో అన్నిటి ధరా అణాల్లోనే.

ఇంత చెప్పాక మీకు అంతా హాయిగా ఉన్నట్టు అనిపిస్తుంది. అలా అనిపించడం నాకిష్టం లేదు. నా పుస్తకంలోంచి చదువుతాను. వానాకాలం, చలికాలం నెలలకి పన్నెండు పదమూడు వందల రూపాయల కూరలు ఇంట్లోవే. ఏప్రిల్, మేలో దాదాపు సున్నా. ఉల్లిపాయ, ఆలుగడ్డ, బియ్యం, పప్పు అన్నీ కొంటాం. మొదటి ఏడాది బకెట్లు, మట్టి, గ్రీన్‌నెట్‌కి పెట్టిన పద్నాలుగు వేలు రావడానికే రెండేళ్లు పట్టింది. నా జీతం పోయింది, అది ఏ బీరకాయా తేలేదు. కోతుల గుంపు ఒకటి రెండుసార్లు వచ్చి గంటలో అంతా ఊడ్చుకుపోయింది. రెండోసారి చిన్నోడు రెండు రోజులు మిద్దె ఎక్కలేదు.

చదువులో కూడా ఖాళీలున్నాయి. హిందీ మా ఇద్దరికీ వెనకబడింది, అంటే నాకూ, పెద్దదానికీ. చిన్నోడు ఏడున్నరేళ్లకి గానీ గడగడా చదవలేదు. ఆ ఏడాది చుట్టాలింటికి ఏ పెళ్లికెళ్లినా ఎవరో ఒకరు వాడి చేతిలో పేపరు పెట్టి చదవమనేవాళ్లు. చదువు వచ్చింది కూడా వేప పిండి ప్యాకెట్ మీద, విత్తనాల కవర్ల మీద. రోజూ పొద్దున గంటన్నర లెక్కలు, తెలుగు, ఇంగ్లీషు టేబుల్ దగ్గర కూర్చునే చేస్తాం. తోటలో అన్నీ వచ్చేస్తాయని నేను అనను. భిన్నాలు ఎక్కడా వాటంతటవి కాయవు.

ప్రశ్నలన్నారు కదా. అడగండి.

(ఒక తండ్రి: ఇది చట్టప్రకారం చెల్లుతుందా? తర్వాత పదో తరగతి ఎలా?)

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలు. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకి ఉచిత, నిర్బంధ విద్య. నిర్బంధం అనగానే భయపడతాం. ఆ నిర్బంధం ప్రధానంగా ప్రభుత్వం మీద. అందులో ఇంటి చదువు అన్న మాటే లేదు, అనుమతీ లేదు, నిషేధమూ లేదు. మధ్యలో తిరిగి బడికి పంపాలనుకుంటే వయసుకి తగ్గ తరగతిలో చేర్చుకోవాలని నాలుగో సెక్షన్ చెప్తుంది. ఇది తెలిశాకే నాకు నిద్ర పట్టింది, తిరిగెళ్లే దారి ఉందని. ఇక పరీక్షలు. ఎన్ఐఓఎస్ అని జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ఉంది, 1989లో పెట్టింది. మూడు, ఐదు, ఎనిమిది తరగతులకి సమానంగా వాళ్ల లెవెల్స్ ఉన్నాయి. పద్నాలుగేళ్లు నిండితే పదో తరగతికి కట్టొచ్చు, ఐదు సబ్జెక్టులు, ఒకేసారి రాయక్కర్లేదు, ఐదేళ్లలో తొమ్మిదిసార్లు అవకాశం. తెలుగు మీడియం ఉంది. మన తెలంగాణ ఓపెన్ స్కూల్ కూడా ఉంది. మా పెద్దది వచ్చే ఏడాది కడుతుంది. నాకు భయంగానే ఉంది, దానికి లేదు.

(ఒక తల్లి: నలుగురితో కలవరు కదండీ పిల్లలు?)

ఈ ప్రశ్నకి నా దగ్గర ఒకప్పుడు మంచి జవాబుండేది. కాలనీలో క్రికెట్, శనివారాలు లైబ్రరీ, ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు, రైతుబజార్లో బేరాలు, అన్ని వయసుల వాళ్లతో మాట్లాడతారు అని చెప్పేదాన్ని. చిన్నోడి విషయంలో అది నిజమే. పెద్దది పోయినేడు వీధిలో పాత క్లాసు పిల్లలు యాన్యువల్ డేకి డ్రెస్సులేసుకుని ఆటో ఎక్కుతుంటే బాల్కనీలో నిలబడి చూసింది. లోపలికొచ్చి ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేకపోయాను. ఇప్పుడు మేం నాలుగు కుటుంబాలం బుధవారం బుధవారం కలుస్తున్నాం, దాని ఈడు ఆడపిల్లలు ఇద్దరున్నారు. ఫర్వాలేదు. అంతకన్నా ఎక్కువ చెప్పలేను.

(వెనక నుంచి ఒకాయన: మేడం, మా ఆవిడ ఉద్యోగం మానాల్సిందేనా?)

ఎందుకండీ, మీరు మానకూడదా? (నవ్వులు, చప్పట్లు) నవ్వులాట కాదు, ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి. మా ఇంట్లో అత్తమ్మ లేకపోతే ఇది ఆరు నెలలు కూడా సాగేది కాదు. మావారు ఆదివారం బట్టలుతుకుతారు, ఎరువు మోస్తారు, చిన్నోడికి స్కూటర్ విప్పి చూపిస్తారు. మీ ఇంట్లో ఎవరు ఏం మానుతారో, ఎవరు ఏం ఎత్తుకుంటారో ముందు కాగితం మీద రాసుకోండి. మేం రాసుకోలేదు, మొదటి ఏడాది గొడవలన్నీ దానివల్లే.

(ఒకావిడ: మాది బోరు నీళ్లండీ, ఉప్పు. మొక్కలు వస్తాయా?)

మాదీ బోరే. కుండీ అంచున తెల్లగా పొర కడుతుంది కదా? వానాకాలంలో పైనుంచి కడిగేసినట్టు అవుతుంది, వేసవిలోనే కష్టం. వాననీళ్లు పట్టుకోండి. చదరపు మీటరు మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు, అంతే లెక్క. హైదరాబాద్‌లో ఏడాదికి ఎనిమిది వందల మిల్లీమీటర్ల దాకా పడుతుంది. మీ మిద్దె ఎంతో కొలిచి మీ పిల్లల్నే గుణించమనండి. డ్రమ్ముకి మూత మాత్రం మర్చిపోకండి, మళ్లీ పక్కింటావిడ గేటు దగ్గర నిలబడుతుంది.

సమయం అయిపోయిందని సైగ చేస్తున్నారు. వెళ్లేముందు ఒక్కటి. విచ్చిన పువ్వు ఈ పొద్దున చూపించలేను కాబట్టి ఇది తెచ్చాను. కోయకుండా తీగ మీదే వదిలేస్తే ఎండిన బీరకాయ, నాటుది. హైబ్రిడ్ అయితే విత్తనం కట్టకండి, తల్లిలా రాదు. ఇదిగో, ఊపితే గలగలమంటోంది, వినిపిస్తోందా వెనక? కొస చూడండి, చిన్న మూతలా ఉంది. గోటితో ఇలా అంటే ఊడొస్తుంది. తలకిందులుగా పట్టుకుని... ఆఁ, చూశారా, అన్నీ రాలుతున్నాయి. నల్లటివే తీసుకోండి. చిన్నోడా, కాగితాలు పట్రా. మనిషికి ఆరేసి గింజలు. రాత్రి నానబెట్టి, తేలినవి తీసేసి, మునిగినవే పెట్టండి. బాబూ, అక్కడ వెనక తాతగారికి అందలేదు, ఆయనకివ్వు ముందు.